పది పరీక్షలకు నిలిచిన ఇల్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు రెండు విధముల పండుగ చేయవచ్చును. తోరణములు కట్టి, గడచిన కాలమును కొనియాడి, ఇండ్లకు పోవుట ఒక విధము. రాబోవు ఇరువదియైదేండ్లకు ఏమి కావలెనో కూర్చుండి విచారించుట రెండవ విధము. ఇబ్రహీంపట్నము గ్రంథాలయ సభ్యులు మొదటిదానితో తృప్తి చెందక, నూతన పఠనమందిర మొకటి కట్టవలెనని సంకల్పించినారు. చందాపుస్తకము తెఱవబడినది. స్థలము చూడబడినది. పటము మాత్రము ఇంకను గీయబడలేదు. పటము గీయక పూర్వమే చెప్పదగిన మాట యొకటి కలదు. గీసిన పిదప చెప్పిన ప్రయోజనము లేదు.

కట్టడము మంచిదా కాదా యని తెలియుట యెట్లు? గృహప్రవేశమునాడు వచ్చిన బంధువులు గోడల రంగు చూతురు, గుమ్మము చూతురు, గచ్చు చూతురు, భోజనము చేసి మెచ్చుకొని పోవుదురు. ఆ ఇల్లు పరీక్షింపబడినదని యజమాని తలచును. నిజమైన పరీక్ష రోహిణీకార్తెలో మధ్యాహ్నము మూడు గంటలకు వచ్చును. కార్తికమాసపు తుపానులో నడిరేయి వచ్చును. విద్యుత్తు బిల్లు వచ్చిననాడు వచ్చును. అప్పటికి మేస్త్రీ మఱొక పనిలో నుండును. పటము వ్రాసిన ఇంజనీరు మఱొక ఊరిలో నుండును.

భారతము చదివినవారికి మయసభ జ్ఞాపకముండును. మయుడు శిల్పులలో మేటి. పదునాలుగు నెలలు శ్రమించి ధర్మరాజునకు సభ నిర్మించి యిచ్చెను. చూడవచ్చిన రాజులందఱు అబ్బురపడిరి. కాని అతిథిగా వచ్చిన దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రము లెత్తికొనెను. నీటిని నేల యనుకొని అందు పడెను. ఆ పరాభవమునుండి పుట్టిన పగ ఏ యుద్ధమునకు దారితీసినదో చెప్పనక్కఱలేదు. దోషము దుర్యోధనుని అసూయలో కలదని పండితులు చెప్పుదురు. అది సత్యమే. అయినను, వచ్చిన అతిథి అడుగు తీసి అడుగు వేయుటకు తడబడిన కట్టడము, ఎంత అందమైనదైనను, ఒక పరీక్షలో తప్పినదనియే చెప్పవలెను.

అందమొక్కటియే కాక పది విధముల ఇంటిని పరీక్షింపవలెనని ఇటీవలి కాలమున పెద్దలకు పాఠము చెప్పినవారు విద్యార్థులు. ఆ పోటీ కథ నేటి విషయము.

2002లో అమెరికా సంయుక్త రాష్ట్రముల ఇంధనశాఖ 'సోలార్ డెకథ్లాన్' అను పోటీని వాషింగ్టను నగరమున నడిపినది. ఆ శాఖలో ఉద్యోగియగు రిచర్డ్ కింగ్ దానికి మూలపురుషుడు. డెకథ్లాన్ అనగా ఒకే క్రీడాకారుడు పది ఆటలలో పోటీపడు పందెము. పరుగులో మేటియైనవాడు బల్లెము విసరుటలో వెనుకబడవచ్చును. పదింటి మొత్తమును కూడి విజేతను నిర్ణయింతురు. ఆ పేరే ఇండ్ల పోటీకి పెట్టబడినది. తొలిసారి 14 విద్యార్థి బృందములు పాల్గొనినవి. ప్రతి బృందము తమ విశ్వవిద్యాలయమున నివాసయోగ్యమైన ఇల్లు కట్టి, దానిని భాగములుగా విప్పి, లారీలపై తరలించి, రాజధాని నడిబొడ్డుననున్న నేషనల్ మాల్ అను విశాలమైన పచ్చికబయలుపై తిరిగి నిలిపెను. ఆ ఇంటికి సూర్యరశ్మియే ఇంధనము. ఆ యేట కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థులు గెలిచిరి. అటుపిమ్మట ఆ పోటీ ఐరోపా, చైనా, మధ్యప్రాచ్య దేశములకు, తుదకు భారతదేశమునకు వ్యాపించినది.

పది పరీక్షలు కాలానుసారముగా కొంత మారుచు వచ్చినవి. 2011 నాటి పట్టికను చూడుడు: శిల్పసౌష్ఠవము, కొనువారికి నచ్చుట, ఇంజనీరింగు, తమ పనిని జనులకు వివరించుట, అందుబాటు ధర, ఇంటిలోని సుఖోష్ణము, వేడినీరు, గృహోపకరణములు, గృహవినోదము, విద్యుత్తు జమాఖర్చు. ఒక్కొక్కదానికి 100 మార్కులు, మొత్తము 1000.

వీనిలో కొన్నింటికి న్యాయనిర్ణేతలు మార్కులు వేయుదురు. కొన్నింటిని యంత్రములే కొలుచును. ఇంటిలోని వేడి సుమారు 22 మొదలు 24 డిగ్రీల నడుమ నిలువవలెను. గాలిలోని తేమ 60 శాతమునకు లోబడి యుండవలెను. పది నిమిషములలో సుమారు 57 లీటర్ల వేడినీరు ఈయవలెను. తువ్వాళ్ళు ఉదికి ఆరవేయవలెను. అన్నింటికంటె ముచ్చటైన పరీక్ష వేఱొకటి కలదు. ప్రతి బృందము తమ ఇంట వంట చేసి, పొరుగు బృందములవారిని రెండు మారులు విందునకు పిలువవలెను. ఒకనాడు వారికి చలనచిత్రము చూపవలెను. మార్కులు వేయువారు ఆ అతిథులే. మయసభకు లేని పరీక్ష ఇక్కడ పెట్టబడినది! వండుకొనుట, ఉదుకుకొనుట, స్నానము, అతిథిసత్కారము, వీనికి పనికిరానిది ఇల్లు కాదని ఆ నియమముల సారాంశము.

ఈ పోటీవలన నేర్వదగిన మొదటి పాఠము కూడి కూర్చుండుట.

ఒక్క శాఖ విద్యార్థులు పది పరీక్షలలో నెగ్గజాలరు. కావున ప్రతి బృందమున భవనశిల్పము చదువువారు, సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు ఇంజనీరింగు చదువువారు, వ్యాపారశాస్త్రము చదువువారు, రచన యందు నేర్పు గలవారు చేరిరి. భవనశిల్పి పడమటి దిక్కున పెద్ద కిటికీ కోరును. మెకానికలు విద్యార్థి ఎండ లోపలికి వచ్చునని అడ్డుపడును. విద్యుత్తు విద్యార్థి పైకప్పంతయు తనకే కావలెననును. వాననీరు పట్టువాడు తన వాటా అడుగును. లెక్కలు చూచువాడు ఇద్దఱికిని సొమ్ము లేదనును. ఈ తగవు పటము ముందే జరుగుటలో మేలు కలదు. పటముపై గీతను చెఱుపుటకు రబ్బరు చాలును. గోడను చెఱుపుటకు గునపము కావలెను.

పల్లెపట్టులలో ఇల్లు కట్టు క్రమమును దీనితో పోల్చి చూడుడు. యజమాని మొదట సిద్ధాంతిగారి నడుగును. పిదప ఇంజనీరుచేత పటము వ్రాయించును. అది మేస్త్రీ చేతికి పోవును. గోడలు లేచి పూత పూసిన తరువాత విద్యుత్తు పనివాడు వచ్చి, తీగెల గొట్టములకై గోడను చెక్కును. దానిని పూడ్చి పూసిన తరువాత కుళాయి పనివాడు వచ్చి మఱల పగులగొట్టును. వడ్రంగి వచ్చి గుమ్మము కొలతకు రాలేదనును. ఒక్కొక్కరు తమ పనిలో నేర్పరులే. కాని ఒకరి మొగమొకరు చూచినది లేదు. వారందఱు ఒక్క సాయంకాలము ఒక్క అరుగుపై కూర్చుండియుండిన యెడల మూడు మారుల పూత ఖర్చు ఒక్క మారుతో తీరియుండును. ఇంటిలో రోజునకు పదునాలుగు గంటలు మసలు గృహిణిని వంటగది కిటికీ ఏ దిక్కున నుండవలెనని అడుగువారు మఱియు అరుదు.

ఇది పాశ్చాత్యుల క్రొత్త బుద్ధి యని తలపరాదు. మయమతము, మానసారము అను వాస్తుగ్రంథములు స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అను నలుగురు శిల్పులను చెప్పినవి. స్థపతి సర్వమును తెలిసి నడుపువాడు, సూత్రగ్రాహి కొలతలు చూచువాడు, వర్ధకి కూర్పరి, తక్షకుడు చెక్కువాడు. నలుగురు కలియనిదే కట్టడము లేదు.

వాల్మీకి రామాయణమున సేతుబంధ మింకను చక్కని నిదర్శనము. అక్కడ నలుడు నాయకుడు. కొండఱు వానరులు బండలు తెచ్చిరి. కొండఱు చెట్లు పెకలించిరి. కొండఱు కొలత దారములు పట్టిరి. కొండఱు కొలత కఱ్ఱలు పట్టిరి. లెక్క కూడ ఆదికవి చెప్పినాడు. మొదటినాడు 14 యోజనములు, రెండవనాడు 20, మూడవనాడు 21, నాలుగవనాడు 22, అయిదవనాడు 23. వెరసి 100 యోజనములు. దినదినమునకు పని తగ్గలేదు, పెరిగినది. అలసట పెరుగవలసిన చోట పని పెరిగినదనగా, చేతులు ఒకదానితో నొకటి కలిసి పనిచేయుట నేర్చినవని అర్థము.

ఆ కథలోనే మఱొక సూక్ష్మము కలదు. సేతువు కట్టగలవాడు వానరసేనలోనే యున్నను, సముద్రుడు చెప్పువఱకు ఎవరును నలుని అడుగలేదు. అడుగకుండ తన గుణములు తాను చెప్పుకొనుట తనకు తగదని నలుడు సమాధానము చెప్పెను. ప్రతి గ్రామమునను ఇట్టి నలులు కలరు. ఏ నేల పగులునో, ఏ గట్టున నీరు నిలుచునో, ఏ కలప చెదపట్టదో తెలిసిన ముసలి మేస్త్రీలు, వడ్రంగులు కలరు. వారు సభలకు వచ్చి చెప్పరు. అడిగిననే చెప్పుదురు. అడుగుట పెద్దల ధర్మము.

రెండవ పాఠము జమాఖర్చు.

విద్యుత్తు పరీక్షయందు నియమము సులభము. ఇల్లు ఎంత విద్యుత్తు వాడినదో అంతయు తానే పుట్టింపవలెను. ఎండ జమ; దీపములు, వంట, చల్లదనము ఖర్చు. తొలి పోటీలలో ఎండ వేళ మిగిలినదానిని ఇంటిలోని బ్యాటరీలలో దాచుకొనిరి. 2005లో పోటీదినములు పెక్కు మబ్బుపట్టి వాన కురిసెను. జమ లేని దినములలో నిలవ ఎంత త్వరగా తఱుగునో బృందములకు తెలిసినది. 2009 నుండి ఇండ్లను నగరపు విద్యుత్తు తీగెలకు కలిపి, మిగిలినది ఇచ్చుచు, చాలనిది పుచ్చుకొనుచు లెక్క చూచిరి.

విజేతలు గ్రహించిన రహస్య మేమనగా, జమ పెంచుటకంటె ఖర్చు తగ్గించుట చవుక. ఈ మాటను పఠనమందిరమునకే అన్వయించి చూతము. పాతరకపు పంకా సుమారు 75 వాట్లు తీసికొనును. పది పంకాలు దినమునకు 8 గంటలు తిరిగిన 6 యూనిట్లు ఖర్చు. క్రొత్తగా వచ్చిన బిఎల్‌డిసి పంకా సుమారు 30 వాట్లతో తిరుగును. అదే గాలికి 2.4 యూనిట్లు చాలును. ఈ సీమలో ఒక కిలోవాటు సౌరఫలకము దినమునకు సగటున సుమారు 4 యూనిట్లు ఇచ్చును. పాత పంకాలకు ఒకటిన్నర కిలోవాటు ఫలకములు కావలెను. క్రొత్త పంకాలకు కిలోవాటులో మూడింట రెండు వంతులు కూడ అక్కఱలేదు. పైకప్పు చల్లగా నున్నచో పంకాల సంఖ్యయే తగ్గును. సొమ్ము ఎచ్చట మొదట పెట్టవలెనో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇబ్రహీంపట్నవాసులకు విద్యుత్తు ఎచ్చటనుండి వచ్చునో పుస్తకమునుండి నేర్పనక్కఱలేదు. 1979లో మొదటి యూనిట్టు ప్రారంభమైన థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఊరినుండి కనబడుచునే యున్నవి. అన్య ప్రాంతములవారికి మీట నొక్కగా వెలుగు వచ్చును. దాని వెనుకనున్న బొగ్గు, బూడిద, పొగ వారికి కనబడవు. ఈ ఊరివారికి కనబడును. ఆ కేంద్రము వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినది, రాష్ట్రమునకు వెలుగునిచ్చినది. దానిని నిందించుట కృతఘ్నత. అయినను వృథాగా వాడిన ప్రతి యూనిట్టునకు ఇక్కడనో మఱెక్కడనో కొంత బొగ్గు మండి, కొంత బూడిద మిగులునని మఱువరాదు. ఆ బూడిదతోనే ఇటుకలు చేయు పరిశ్రమలు ఈ చుట్టుప్రక్కల వెలసినవి. పొలములోని సారవంతమైన మట్టిని కాల్చి చేసిన ఇటుకకు బదులు బూడిద ఇటుక వాడుట, ఊరి వ్యర్థమును ఊరి గోడగా మార్చుటయే.

జమాఖర్చులో సొమ్ము లెక్కయు కలదు. 2009లో జర్మనీ దేశపు డార్మ్‌స్టాట్ విద్యార్థులు గోడలను సైతము సౌరఫలకములతో కప్పిన ఇంటితో గెలిచిరి. అది అద్భుతమైన ఇల్లే. కాని సామాన్యుడు అట్టిదానిని కట్టించుకొనగలడా? 2011లో అందుబాటు ధరను ఒక పరీక్షగా చేర్చిరి. రెండున్నర లక్షల డాలర్లకు లోబడిన ఇంటికి పూర్తి మార్కులు. ఆ యేట ధర పరీక్షలో బెల్జియము బృందముతో సమముగా ప్రథమస్థానము పొందిన 'ఎంపవర్‌హౌస్' అను ఇల్లు, పోటీ ముగిసిన పిదప వాషింగ్టనులోని డీన్‌వుడ్ ప్రాంతమున అల్పాదాయ కుటుంబముల నివాసమునకు వినియోగపడినది. ప్రదర్శనకు కట్టినది ప్రజలకు ఇల్లయినది.

మూడవ పాఠము ప్రదేశము నెఱుగుట.

2011లో మొత్తముమీద గెలిచిన మేరీలాండు విశ్వవిద్యాలయ బృందము తమ సమీపముననున్న చెసపీక్ అఖాతపు నీటి వ్యవస్థను ఆదర్శముగా గైకొనెను. పైకప్పు రెండు ప్రక్కలనుండి నడిమికి వాలి, వాననీటిని మధ్యకు చేర్చును. వాడిన నీరు రెల్లు మొక్కలున్న మడుగులలో శుభ్రపడును. ఇంటిలో చిన్న జలపాతము వంటి దొకటి కలదు; అందు పారునది ఉప్పుద్రావణము, అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఉక్కతో బాధపడు కృష్ణాతీరమువారికి ఈ ఉపాయము ఆలోచింపదగినది. దేహమును బాధించునది ఎండ యొక్కటియే కాదు, చెమట ఆరనీయని తేమయు నని వారు గుర్తించిరి.

2015లో గెలిచిన స్టీవెన్స్ విద్యాసంస్థ ఇంటి కథ యింకను దగ్గరిది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీ తీరమును ముంచినది. ఆ విద్యాలయమున్న హోబోకెన్ పట్టణము నీట మునిగెను. ఆ విద్యార్థులు తుపానునకు తాళు ఇల్లు కట్టనెంచిరి. వారి ఇంటి కిటికీలకు పెద్ద తలుపులు కలవు. ఎండవేళ అవి పైకెత్తి నీడనిచ్చును, తుపానువేళ క్రిందికి దించి కవచమగును. నగరపు విద్యుత్తు ఆగిపోయినను ఆ ఇల్లు తన ఎండతో తాను బ్రతికి, పొరుగువారి సెల్‌ఫోనులకు కూడ విద్యుత్తు నీయగలదు.

ఈ మాట వినునపుడు కృష్ణామండలవాసులకు 1977 నవంబరు 19 తలపునకు రాక మానదు. దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి వేలకొలది ప్రాణములు తీసినది. పక్కా కట్టడములను ఆశ్రయించినవారు కొందఱు బ్రతికిరి. తాటాకు గుడిసెలు కొట్టుకొనిపోయినవి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వచ్చినది. అదే సమయమున బుడమేరు పొంగి, దాని మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలో వేలాది ఇండ్లు దినములకొలది నీట నిలిచినవి. క్రింది అంతస్తులో దాచిన పుస్తకములు, పత్రములు, బడిపిల్లల నోట్లు మట్టిముద్దలైనవి. గ్రంథాలయమునకు ఇంతకంటె హెచ్చరిక ఏమి కావలెను?

లక్కయింటి కథయు ఇదే చెప్పును. పురోచనుడు చూడముచ్చటగా కట్టించిన ఇల్లది. గోడలలో లక్క, నేయి కలవని పాండవులకు తెలియకున్నచో భారత మక్కడనే ముగిసియుండును. విదురుడు హెచ్చరించి, సొరంగము త్రవ్వుటలో నేర్పరియైన ఖనకుని పంపెను. ఇల్లు కట్టుటయే కాదు, ఆపద వచ్చిన ఏ దారిని వెడలవలెనో ముందే విచారించువాడు కావలెను. విద్యార్థుల బృందములలో అగ్నిరక్షణ చూచు విద్యార్థి నేటి ఖనకుడు.

ప్రదేశము నెఱిగి కట్టుట పూర్వులకు తెలియనిది కాదు. మండువా లోగిలి అట్టిదే. నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును వసారా, దాని వెనుక గదులు. వేడిగాలి పైకి పోవును, చల్లనిగాలి చూరు క్రిందనుండి వచ్చును. వాననీరు మండువాలో పడగా గంగాళములకు పట్టుకొందురు. సాయంకాలపు పైరగాలికి దక్షిణపు వసారా, పిల్లల చదువునకు వీధి అరుగు. పంపకములు వచ్చినపుడు అన్నదమ్ములు మండువా నడుమ గోడ పెట్టినారు. గోడతో వాటాలు సరిపోయినవి. గాలి మాత్రము ఎవరి వాటాకును రాలేదు.

అట్లని పాతదంతయు మేలనుట న్యాయము కాదు. పాత ఇండ్లలో చీకటి గదులు కలవు. వంటింటి పొగ స్త్రీల కన్నులను, ఊపిరిని కాల్చినది. తాటాకు ఇండ్లు చల్లనివే; కాని వేసవిలో ఒక్క నిప్పురవ్వకు వాడలు వాడలే కాలిపోయినవి. సిమెంటు డాబా ఆ భయమును పోగొట్టినది. దానితో క్రొత్త బాధ వచ్చినది. పగలంతయు ఎండను త్రాగిన స్లాబు రాత్రియంతయు ఆ వేడిని గదిలోనికి విడుచును. చవుకైన మందు తెల్లదనము. పైకప్పుపై సున్నము గాని, తెల్లని పూత గాని, తెల్లపలకలు గాని పఱచిన ఎండలో చాలభాగము తిరిగిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై ఒక విధానమునే ప్రకటించినది.

పోటీలో లోపములు లేవా యని అడుగవచ్చును. కలవు. ఇండ్లను లారీలపై దేశము నడుమ త్రిప్పుట శ్రమకు, ఖర్చునకు మూలము. ఒంటరి ఇంటిని బయలులో నిలిపి పరీక్షించుట, ఇరుకు సందులో ఇల్లున్నవానికి అంతగా సరిపడదు. 24 డిగ్రీలు మించరాదను నియమము ఈ దేశమున శీతలయంత్రమును నెత్తిన పెట్టుకొన్నట్లే యగును. పంకా క్రింద, నూలుబట్టలతో, అంతకంటె ఎక్కువ వేడిలోను ఇక్కడివారు సుఖముగా పనిచేయుదురు. భారతీయుల దేహసుఖమును గూర్చి అహమ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన దీనినే నిరూపించినది. కావున పాఠము పుచ్చుకొనవలెను గాని, కొలతలను యథాతథముగా దింపుకొనరాదు.

ఈ విషయమున భారతీయ విద్యార్థులు స్వతంత్రమైన దారి త్రొక్కినారు. 2014లో ఫ్రాన్సు దేశమున వెర్సాయిలో జరిగిన ఐరోపా పోటీకి బొంబాయి ఐఐటీ, రచనా సంసద్ వాస్తువిద్యాలయము కలిసి బృందము నంపినవి. వారు కట్టిన ఇల్లు ఓడపై సముద్రము దాటిపోయెను. ఆ బృందమునకు 'శూన్య' యని పేరు. వాడినదానిని పుట్టించినదానితో సరిచూచిన మిగులు సున్న కావలెనని భావము. లెక్కలలో సున్నకు స్థానమిచ్చిన దేశమునకు తగిన పేరే!

2020–21 నుండి 'సోలార్ డెకథ్లాన్ ఇండియా' యను పోటీ స్వదేశముననే నడచుచు వచ్చినది. ఇక్కడి నియమములలో విద్యుత్తుతో పాటు నీటికిని జమాఖర్చు చూతురు. ఊహాచిత్రములు గాక, నిజముగా కట్టబోవు భవనములకై, కట్టువారితో కలిసి, విద్యార్థులు పటములు సిద్ధపఱచవలెను. విభాగములలో రెండింటిని విశేషముగా చెప్పవలెను. విపత్తువేళ ఊరివారికి ఆశ్రయమిచ్చు సామూహిక భవనము ఒకటి. నిర్మాణస్థలములందలి కూలీల నివాసము రెండవది. మేడలు కట్టు చేతులు రేకుల షెడ్లలో వేగిపోవుట ప్రతి నగరమునను కనబడు దృశ్యము. ఆ కూలీకి గాలి ఎట్లు వచ్చును, అతని బిడ్డ యెక్కడ నిదురించును, అతని భార్య యెక్కడ స్నానము చేయును, అను ప్రశ్నలను విద్యార్థుల ముందుంచి మార్కులు వేయుట చిన్న మార్పు కాదు. చదువు దయతో కూడినపుడే విద్య యగును.

ఇక పఠనమందిరము మాట.

గ్రంథాలయము కట్టడముతో పుట్టదు, పాఠకునితో పుట్టును. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపినవారు ఈ సత్యము నెఱిగినవారు. పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే పోయినది. ఈ మందిరమునకు వచ్చు పాఠకు లెవరు? ఉదయము పత్రికలకు వచ్చు వృద్ధులు. మెట్లెక్కలేనివారు వారిలో కలరు. మధ్యాహ్నము పోటీపరీక్షలకు చదువు యువకులు. ఇంట చోటు లేక వచ్చువారు వారు. బడి విడిచిన పిదప వచ్చు బాలబాలికలు. చీకటి పడకముందే ఇంటికి చేరవలెనని తొందరపడు స్త్రీలు. ఈ నలుగురిని పిలిచి అడుగక గీచిన పటము ఎవరికొఱకు?

కావున పునాదిరాయికి ముందు ఒక బైఠకు జరుగవలెను. ఇంజనీరు, మేస్త్రీ, వడ్రంగి, విద్యుత్తు పనివాడు, కుళాయి పనివాడు, గ్రంథపాలకుడు, లెక్కలు చూచువాడు, ఒక వృద్ధుడు, ఒక విద్యార్థిని, ఒక గృహిణి: పదిమంది. విజయవాడలో 2008లో స్థాపితమైన ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యాలయము చేరువనే యున్నది; అచ్చటి అధ్యాపకులను, విద్యార్థులను సలహాకై కోరుటకు సంకోచింపనక్కఱలేదు.

ఆ పదిమంది ముందు పది ప్రశ్నలుండవలెను. మే నెలలో మధ్యాహ్నము మూడు గంటలకు ఈ గదిలో కూర్చుండి చదువవచ్చునా? పడమటి గోడకు నీడ యేది? పగటివేళ దీపము లేకుండ అక్షరము కనబడునా? విద్యుత్తు ఆగిన గాలి యెట్లు? వరదనీరు వచ్చిన అడుగు బీరువాలలోని పుస్తకముల గతి యేమి? చెదకు, తేమకు అడ్డమేమి? వృద్ధునకు మెట్టు, స్త్రీలకు మరుగుదొడ్డి కలవా? నిప్పంటుకొనిన రెండవ ద్వార మేది? పైకప్పుపై పడిన వాన యెచ్చటికి పోవును? నూఱు చదరపు మీటర్ల కప్పుపై ఏటికి ఒక మీటరు వాన పడినచో లక్ష లీటర్లు. అందు కొంత పోయినను తోటకు, బావికి కొదవయుండదు. తుదిప్రశ్న: పది సంవత్సరముల నిర్వహణకు సొమ్ము ఎక్కడిది? ఈ పదింటికి సమాధానము దొరకిన పిదప గోడరంగును గూర్చి ఎంతసేపైనను తర్కింపవచ్చును.

అట్టి బైఠకు పెట్టిన పని ఆలస్యమగునని కొందఱు శంకింతురు. ఒక నెల ఆలస్యము కావచ్చును. ఇరువదియైదేండ్ల ఉక్కకంటె ఒక నెల ఆలస్యము మేలు. చందా యిచ్చువారిలో దినకూలి చేసి పదిరూపాయలు తెచ్చినవారు కలరు. ఆ పదిరూపాయలు పూసిన గోడను మఱల పగులగొట్టుటకు ఖర్చగుట న్యాయము కాదు.

ప్రక్కనే కొండపల్లి కలదు. అచ్చటి బొమ్మ చేయు తీరు పిల్లలకును తెలిసినదే. తెల్లపొణికి కఱ్ఱతో మొండెము వేఱుగా, చేతులు వేఱుగా చెక్కుదురు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో వానిని అతుకుదురు. రంగులు దిద్దిన పిదప అతుకు కనబడదు. బొమ్మ యొక్కటిగా నిలుచును. చెక్కడ మెంత చక్కనిదైనను, మక్కు లేనిచో చేతిలో మిగులునవి చెక్కముక్కలే. గ్రామమున నేర్పు గలవారికి కొఱత లేదు. వారి నొక్కటిగా నిలుపు మక్కు ఒక్కటే కావలెను. దానిని సిద్ధపఱచు పని ఈ గ్రంథాలయమునది.

నూతన పఠనమందిరము పది పరీక్షలకు నిలిచి, స్వర్ణోత్సవమునాటి పాఠకునకు నడివేసవిలోను చల్లని నీడ యగుగాక!

స్వస్తి.